ఒకటే విటమిన్‌.. ఇన్ని పేర్లా!

భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు చిన్నప్పుడు ఇంట్లోంచి పారిపోయారని చెబుతారు. కాశీలో యాత్రికులకు అరటిపళ్లు అమ్మితే బోలెడు డబ్బొస్తుందని లెక్క! అరటితోటల మధ్య పెరిగే లింగాల కుర్రాళ్లు ఈ మాట వింటే నవ్వుకుంటారేమో. మెట్రిక్‌ కూడా మూడోసారికి గానీ గట్టెక్కలేదు.

స్ప్రూ అనే పేగుల జబ్బు సోదరులను పొట్టన పెట్టుకుంది. మద్రాసులో వైద్యం చదివితే, ఖద్దరు కట్టినందుకు ప్రొఫెసర్‌కు కోపమొచ్చి ఎంబీబీఎస్‌కు బదులు ఎల్‌ఎంఎస్‌ దక్కింది. తర్వాత బోస్టన్‌ చేరారు. ఫిస్క్‌తో కలిసి ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి కనిపెట్టారు. 1940లో లెడర్లీ ల్యాబ్‌లో చేరారు.

అసలు చిక్కు అక్కడుంది. గర్భిణుల రక్తహీనతను ఈస్ట్‌ సారం తగ్గిస్తోందని లూసీ విల్స్‌ 1931లో బొంబాయి నుంచి రాశారు. అందులో ఉన్నదేంటో తెలీక దాన్ని విల్స్‌ ఫ్యాక్టర్‌ అన్నారు. కోతులపై పనిచేసినవాళ్లు విటమిన్‌ ఎం అన్నారు, కోడిపిల్లలపై పనిచేసినవాళ్లు విటమిన్‌ బీసీ అన్నారు. పాలకూర నుంచి తీసినవాళ్లు ఫోలిక్‌ యాసిడ్‌ అన్నారు. ఎవరి పత్రిక వాళ్లది, ఎవరి పేరు వాళ్లది. సుబ్బారావు బృందం 1945లో దాన్ని ల్యాబ్‌లో తయారుచేశాక గానీ ముడి పూర్తిగా విడలేదు. దానికి అడ్డుపడే అమినాప్టెరిన్‌ను కూడా ఆ బృందమే తయారుచేసింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్‌ దాన్ని లుకేమియా పిల్లలకిస్తే కొందరికి కొన్ని నెలలు జబ్బు తగ్గుముఖం పట్టింది. ఆ ఫలితాలు 1948 జూన్‌లో అచ్చయ్యాయి. ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు, 53 ఏళ్లకే.

ఇప్పుడు పబ్‌మెడ్‌లో 3.5 కోట్లకు పైగా వ్యాసాల వివరాలున్నాయి. మనిషి చదవలేడు. ఆ పని టెక్స్ట్‌ మైనింగ్‌ది. కానీ నేటి మెథోట్రెక్సేట్‌ను పాత వ్యాసాలు అమెథోప్టెరిన్‌ అంటాయి. రెండూ ఒకటేనని యంత్రానికి ముందే చెప్పకపోతే, క్యాన్సర్‌ పిల్లల మీద చేసిన పాత పరీక్షలు వెతుకులాటలో జారిపోతాయి. పబ్‌టేటర్‌ అనే ఉచిత టూల్‌ వ్యాసాల్లోని జబ్బు, జన్యువు, రసాయనం పేర్లను గుర్తుపట్టి, ఒకే వస్తువు పేర్లను ఒక గుర్తింపు సంఖ్య కిందికి చేరుస్తుంది. పైథాన్‌ ఒక్కటే వచ్చినవాళ్లకు ఇక్కడ తడబాటు తప్పదు. మందుల పేర్లు తెలిసిన ఫార్మసీ, లైఫ్‌ సైన్సెస్‌ విద్యార్థులు కాస్త పైథాన్‌ నేర్చుకుంటే వాళ్లదే పైచేయి.

సరదాకి ఆయన పేరే ఇంగ్లిష్‌లో కొట్టి చూడండి. ఒకచోట సుబ్బారో అని కలిపి ఉంటుంది, మరోచోట సుబ్బా, రో అని విడివిడిగా.