శరణ హరళయ్య

మియాపూరు కూడలినుండి పడమటగా సాగు బొంబాయి రహదారి పటాన్‌చెరువు, సంగారెడ్డి, జహీరాబాదులను దాటి, హుమ్నాబాదు మీదుగా బసవకల్యాణము చేరువకు పోవును. నేడు ఆ కూడలియందు తెల్లవారగనే హైటెక్ సిటీ వైపు బయలుదేరు యువతీయువకులలో ఎవరు ఏ కులమువారో తోడివారికి తెలియదు. ఒకే గదిలో కూర్చుండి పనిచేయుదురు, ఒకరి డబ్బాలోని అన్నము మరియొకరు తిందురు. కులము మాట యెల్ల పెండ్లిమాట వచ్చిన దినముననే ఇంటిలో మొదలగును. ఆ మాటనే ఎనిమిదిన్నర శతాబ్దములకు పూర్వము, అదే దారిలో నున్న కల్యాణపురమున, చెప్పులు కుట్టి జీవించు శరణుడొకడు ఎదుర్కొనవలసి వచ్చెను. ఆయనయే హరళయ్య.

కల్యాణము చాళుక్యుల రాజధాని. 1157 ప్రాంతమున కలచురి బిజ్జలుడు ఆ సింహాసనమును హస్తగతము చేసికొనెను. ఆతని కొలువున భండారియై యుండిన బసవేశ్వరుడు అనుభవమంటపమున చేర్చిన శరణులలో చాకలి మడివాళ మాచయ్య, పడవ నడుపు అంబిగర చౌడయ్య, తోళ్ళు పదునుచేయు డోహర కక్కయ్య, త్రాళ్ళు పేను నులియ చందయ్య మొదలగువారు కలరు. హరళయ్య సమగార కులమున బుట్టినవాడు. భార్య కల్యాణమ్మ. దంపతులిద్దరును ఇష్టలింగధారులై, పాదరక్షలు కుట్టుటనే కాయకముగా చేసికొని, వచ్చిన దానితో జంగమదాసోహము జరుపుచుండిరి. ఆ దినములలో తోలు ముట్టువాని నీడ సోకినను స్నానము చేయవలెనని తలచు లోకము చుట్టునుండెను. ఆ తోలుపనిని దైవపూజతో సమానమని చెప్పిన స్థలము అనుభవమంటపము ఒక్కటియే.

హరళయ్య పేరు వినగనే శరణకుటుంబములలో పిల్లలకు సైతము గుర్తు వచ్చునది పాదరక్షల కథ. ఒకనాడు వీధిలో ఎదురైన బసవేశ్వరునకు హరళయ్య శరణు చెప్పగా, ఆయన వినయముతో రెండుమార్లు శరణు చెప్పెనట. ఒక్క శరణునకు రెండు శరణులు పొందిన ఋణము తీరునదెట్లని హరళయ్య ఇంటికి వచ్చి వ్యాకులపడెను. చివరకు దంపతులు తమ తొడల చర్మమునే తీసి, పదునుచేసి, పాదరక్షలు కుట్టి బసవేశ్వరునకు సమర్పించిరి. ఆయన వానిని కాళ్ళకు తొడుగనొల్లక తలపై నుంచుకొని తిరిగి యిచ్చివేసెనని సంప్రదాయము. దారిలో మంత్రి మధువరసు వానిని చూచి, లోకువగా తాను తొడిగికొనబోయి, ఒడలెల్ల మంటలెత్తి బాధపడెననియు, హరళయ్య ఇంటి తోలు నానవేసిన నీటితోనే ఆ మంట చల్లారెననియు చెప్పుదురు. భక్తుల కథను కొలబద్దతో కొలువ పనిలేదు. కాని ఈ కథలో బ్రాహ్మణమంత్రికి స్వస్థత చేకూర్చినది చెప్పులు కుట్టువాని తొట్టిలోని నీరని చెప్పుట ఊరక చెప్పినది కాదు.

మధువరసు పిమ్మట లింగదీక్ష గైకొని శరణుడయ్యెను. ఆతనికి లావణ్య యను కుమార్తె కలదు. కొన్ని గ్రంథములలో ఆమె పేరు కళావతి. హరళయ్య కుమారుడు శీలవంతుడు. ఈ యిద్దరికి పెండ్లి జరుపవలెనను ఆలోచన అనుభవమంటపమున పుట్టినది.

ఇచ్చట ఒక మాట. యువతీయువకులు ముందుగా ఒకరినొకరు వలచిరా, లేక పెద్దలే నిశ్చయించిరా యను ప్రశ్న నేటివారికి మొదట తోచును. పాతకథలు వలపును గూర్చి పలుకవు. తండ్రుల సంకల్పమునే చెప్పును. పాల్కురికి సోమనాథుడు తన బసవపురాణమున అల్లయ్య, మధువయ్య అను భక్తుల కన్నులను బిజ్జలుడు తీయించెనని వ్రాసెనే గాని, పెండ్లిని కారణముగా చెప్పలేదు. వివాహవృత్తాంతము తరువాతి కన్నడ గ్రంథములలో విస్తరించినది. గిరీశ్ కర్నాడు 1990లో ప్రకటించిన తలెదండ నాటకమునకు ఈ పెండ్లియే మూలము. అందు బసవన్న ఈ జంటకు రాబోవు ఆపదను తలచి కలతపడును. ఆ కలత నాటకకర్త కల్పనయే యైనను అసహజము కాదు. కలిసి భుజించుట వేరు, కలిసి పూజించుట వేరు, పిల్లనిచ్చుట వేరు. మొదటి రెంటిని కల్యాణపు ఛాందసులు పండ్లు కొరుకుచు సహించిరి. మూడవదానిని సహింపలేదు.

శరణుల వాదము సరళము. లింగము కట్టిన దినముననే పూర్వకులము నశించును. హరళయ్య సమగారుడు కాడు, మధువరసు బ్రాహ్మణుడు కాడు, ఇరువురును శరణులే. ఇక సంకరమెక్కడిది? ఎదిరిపక్షమువారి వాదమును అంత సరళమే. పై వర్ణపు కన్యను క్రింది వానికిచ్చు ప్రతిలోమవివాహమును ధర్మశాస్త్రములు నిషేధించినవి. దానిని అడ్డుకొనుట రాజధర్మము. కొండి మంచన్న మొదలగువారు ఈ మాటనే బిజ్జలుని చెవిలో వేసిరి. బిజ్జలుడు అప్పటికే చాళుక్యుల సొత్తు నాక్రమించిన రాజు. సింహాసనము నిలువవలెనన్నచో పురోహితవర్గపు ఆదరణ విడువలేనివాడు. అందువలననే కాబోలు, ఎంతో కాలము భండారిని మన్నించిన ప్రభువు ఒక్క పెండ్లి విషయమున కఠినుడయ్యెను.

శరణుల సమక్షమున పెండ్లి జరిగినది. వధూవరులను రాజభటులు విడదీయలేకపోయిరి. వారి తండ్రులను పట్టుకొనిరి. హరళయ్యను, మధువరసును కన్నులు తీయించి, ఏనుగు కాళ్ళకు కట్టి కల్యాణపు వీధులలో ఈడ్పించి చంపించిరని సంప్రదాయము. బ్రాహ్మణవంశమున బుట్టినవాడును, సమగారుడును ఒకే త్రాటికి కట్టుబడి మరణించిరి. వియ్యంకులైన కొలది దినములకే ఆ గతి పట్టెను.

తరువాతి సంగతులు త్వరితముగా జరిగినవి. కల్యాణము అల్లకల్లోలమయ్యెను. బసవేశ్వరుడు కూడలసంగమమునకు వెడలి లింగైక్యమందెను. జగదేవుడు మొదలగువారు బిజ్జలుని వధించిరి. చరిత్రకారులు సామాన్యముగా 1167, 1168 సంవత్సరములకు ఈ సంఘటనలను చేర్చుదురు. చెన్నబసవన్న వచనముల కట్టలను రక్షించుకొనుచు శరణులతో ఉళవి వైపు సాగిపోయెను.

కల్యాణమున నేరమైన ఆ పెండ్లి ఎప్పుడు నేరము కాకపోయినది? ఆంగ్లేయుల కాలపు న్యాయస్థానములలోను ప్రతిలోమవివాహము చెల్లదను తీర్పులే వచ్చుచుండెను. కులభేదమున్నను హిందువుల పెండ్లి చెల్లునని శాసనము 1949లో వచ్చెను; 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టము, 1955 నాటి హిందూ వివాహ చట్టము దానిని స్థిరపరచినవి. శాసనము వచ్చిననేమి? హరళయ్య బుట్టిన సమగార కులము నేటికిని కర్ణాటకమున షెడ్యూల్డు కులముల జాబితాలోనే యున్నది. హరళయ్య చిత్రపటమునకు పూలమాల వేయు ఇంటిలోనే, బణజిగకు పంచమసాలి కుదురునా, జంగమునకు ఇతరుడు కుదురునా యని జాతకముల కంటె ముందు ఉపకులము లడుగుదురు. సమగార శరణుని మనుమడు వచ్చి పిల్లనడిగిన ఇంటిపెద్ద ఏమి చెప్పునో మన మఠములలో తరచుగా ప్రసంగవిషయము కాదు. మియాపూరులో ఉద్యోగము చేయు బిడ్డ ఫోనులో ఒక పేరు చెప్పగనే ఊరిలో తల్లి అన్నము మానివేయుట మాత్రము తరచుగా వినవచ్చును.

బసవకల్యాణమున హరళయ్య గవి యని ఒక గుహ కలదు. యాత్రికులు అచ్చట విభూతి ధరించి కొంతసేపు కూర్చుందురు. దంపతులు కుట్టిన పాదరక్షలుగా నమ్మబడు జోడు కలబురగి జిల్లాలోని బిజనహళ్ళి గ్రామమున నున్నది. దానిని తరతరములుగా కాపాడుచున్నవారు ఒక సమగార కుటుంబమువారే.