న్యాయవాదియైన నటుడు: బళ్ళారి రాఘవ

లోకము వృత్తులకు పీటలు వేయును. వకీలు వచ్చిన లేచి నిలుచును. వేషగాడు వచ్చిన అరుగుమీదనే ఆపును. ఈ రెండు వృత్తులను ఒక్కరే చేపట్టి, ఆ పీటలు ఎంత నిలుకడలేనివో చూపిన మహనీయుడు బళ్ళారి రాఘవ.

తాడిపత్రి రాఘవాచార్యులవారు 1880వ సంవత్సరము ఆగస్టు 2వ తేదీన అనంతపురము జిల్లా తాడిపత్రియందు జన్మించిరి. తండ్రి నరసింహాచార్యులవారు బళ్ళారిలో తెలుగు పండితులు. మేనమామ ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు ఆంధ్ర నాటక పితామహులని ప్రసిద్ధి గాంచిన న్యాయవాది. అదే పట్టణమున కోలాచలము శ్రీనివాసరావుగారును న్యాయవాదియై నాటకములు రచించిరి. కావున బళ్ళారిలో పెద్దలు నాటకమాడుట వింత కాదు. అయినను అందొక గీత యుండెను. వినోదార్థము ముఖమునకు రంగు పూసికొన్న పెద్దమనిషికి కొరత లేదు. ఆ రంగుతోనే పొట్ట పోసికొన్నవాడు లోకువ. విద్య యొకటే, కూలి పుచ్చుకొన్నంతనే మర్యాద పోవునట!

రాఘవగారు 1905లో మద్రాసున న్యాయశాస్త్ర పట్టమును పొంది, క్రిమినలు వ్యాజ్యములయందు పేరును ధనమును గడించిరి. ప్రభుత్వము వారిని పబ్లిక్ ప్రాసిక్యూటరుగా నియమించి, రావుబహద్దూరు బిరుద మొసగెను. కంఠస్వరము, చూపు, పరుల మనస్సు గ్రహించు నేర్పు, ఇవియే న్యాయస్థానమున వారి సాధనములు. హిరణ్యకశిపుడు, దుర్యోధనుడు, చాణక్యుడు, పఠాను రుస్తుం మున్నగు పాత్రలకును అవియే సాధనములు. పగలు ఆ నేర్పునకు నమస్కరించిన లోకమే రాత్రి దానిని వేషమని చులకన చేయుచుండెను.

ఆ కాలమున స్త్రీపాత్రలను పురుషులే ధరించెడివారు. స్త్రీల పాత్రలను స్త్రీలే ధరింపవలెనని రాఘవగారు పట్టుబట్టి, కొమ్మూరి పద్మావతీదేవి మున్నగువారిని రంగస్థలమునకు రప్పించిరి. సంసార స్త్రీలు నాటకమాడుట కులమునకే అపకీర్తి యని తలచిన దినములవి. తెల్లవారి రంగు కడిగికొనిన రాఘవగారు మరల రావుబహద్దూరులే. ఆ స్త్రీలకు తొడుగుకొనుటకు నల్లకోటు లేదు. నింద వారినే అంటియుండెడిది. కావున వారి సాహసమే యధికము.

1927లో మహాత్మాగాంధీగారు వారి దీనబంధు కబీరు నాటకమును తిలకించిరి. మగ్గముపై బ్రదికిన భక్తుని పాత్రను బిరుదాంకితుడైన న్యాయవాది ధరించుట గమనింపదగినది. 1928లో వారు ఇంగ్లండు వెళ్ళి బెర్నార్డు షాను కలిసికొనిరి. 1939లో గూడవల్లి రామబ్రహ్మముగారి రైతుబిడ్డ చిత్రమున నటించిరి. 1946 ఏప్రిలు 16న పరమపదించిరి. వారి పేర బళ్ళారిలో రాఘవ కళామందిరము వెలసెను.

ఒక సత్యము మరువరాదు. రాఘవగారికి కూడు పెట్టినది వకీలువృత్తి, నాటకము కాదు. నటనయే జీవనమైన పేదవానికి వారి గౌరవములో సగమైనను దక్కలేదు. వారు తెరచిన తలుపు సగమే. తక్కిన సగము ప్రేక్షకుల చేతిలోనిది. రాత్రి హరిశ్చంద్రునకు చేతులు జోడించి, ఉదయమున ఆ వేషధారికి అరుగుమీద విస్తరి వేయు ఆచారము తొలగిననాడే ఆ తలుపు పూర్తిగా తెరచుకొనును.