వెండితెర శిల్పి బి.ఎన్. రెడ్డి

సాహిత్యం, సంగీతం, చిత్రలేఖనం, నటన మొదలైన కళలన్నింటికీ సంగమస్థానం చలనచిత్రం. అది కళే అయినా అపారమైన ధనంతో ముడిపడిన వ్యాపారం కూడా. పెట్టుబడి తిరిగి రాబట్టుకోవాలనే ఆరాటంలో కళ మరుగున పడడం కద్దు. అటువంటి రంగంలో మూడు దశాబ్దాలపాటు కళాత్మక విలువల పక్షాన నిలిచిన దర్శకులు బి.ఎన్. రెడ్డి.

ఆయన పూర్తి పేరు బొమ్మిరెడ్డి నరసింహారెడ్డి. 1908 నవంబరు 16న కడప జిల్లా పులివెందుల తాలూకా కొత్తపల్లెలో జన్మించారు. మద్రాసులో విద్యాభ్యాసం సాగింది. జమాఖర్చుల విద్య నేర్చినా, ముద్రణాలయం నడిపినా, ఆయన మనస్సు కళలవైపే మొగ్గింది. 1938లో హెచ్.ఎం. రెడ్డి తీసిన 'గృహలక్ష్మి' చిత్రంతో సినిమా రంగంలో అడుగుపెట్టారు. అనంతరం మూలా నారాయణస్వామి, కె. రామనాథ్, ఎ.కె. శేఖర్, కె.వి. రెడ్డి మొదలైన మిత్రుల సహకారంతో వాహినీ సంస్థను స్థాపించారు.

తెలుగు చిత్రాలు మాటలు నేర్చి అప్పటికి ఏడేళ్లే అయింది. తెరపై పురాణగాథలదే రాజ్యం. ఆ రోజుల్లో బి.ఎన్. తమ చుట్టూ ఉన్న సమాజాన్ని కథావస్తువుగా ఎన్నుకున్నారు. 'వందేమాతరం' (1939)లో చదువుకున్న యువకుని నిరుద్యోగాన్ని, 'సుమంగళి' (1940)లో వితంతువుల దుఃస్థితిని, 'దేవత' (1941)లో పనిపిల్లకు జరిగిన అన్యాయాన్ని చిత్రించారు. చిత్తూరు రంగస్థలంపై పేరుగాంచిన నాగయ్య ఈ చిత్రాలతోనే ఉత్తమ నటునిగా కీర్తి పొందారు. వాస్తవిక చిత్రంగా ప్రపంచం మెచ్చిన సత్యజిత్ రాయ్ 'పథేర్ పాంచాలి' వెలువడింది 1955లో. అంతకు పదహారేళ్ల ముందే తెలుగునాట ఇటువంటి ప్రయత్నం మొదలుకావడం గమనార్హం.

బి.ఎన్. ప్రతిభకు పరాకాష్ఠ 'మల్లీశ్వరి' (1951). శ్రీకృష్ణదేవరాయల కాలంలో పల్లెటూరి బావామరదళ్లయిన నాగరాజు, మల్లి ఒకరినొకరు ప్రేమించుకుంటారు. మల్లి రాణివాసానికి చేరగా, శిల్పి అయిన నాగరాజు దూరమై తపిస్తాడు. రాచరికపు వైభవం కంటే సామాన్యుల అనురాగమే గొప్పదని ఈ చిత్రం నిరూపించింది. దేవులపల్లి కృష్ణశాస్త్రి రచన, సాలూరి రాజేశ్వరరావు సంగీతం, శేఖర్ కళాదర్శకత్వం, భానుమతి, ఎన్.టి. రామారావుల నటన ఇందులో ఒకదానికొకటి వన్నె తెచ్చాయి. చైనా భాషలో ఉపశీర్షికలతో ఇది చైనాలోనూ ప్రదర్శితమైంది.

ఆ సంవత్సరమే ఆయన తమ్ముడు నాగిరెడ్డి విజయా సంస్థ తరఫున నిర్మించిన 'పాతాళభైరవి' అఖండ విజయం సాధించింది. జనరంజకమైన బాట ఇంటి ముంగిటే ఉన్నా బి.ఎన్. తమ బాట విడువలేదు. జార్జి ఇలియట్ ఆంగ్ల నవల ఆధారంగా 'బంగారుపాప' తీశారు. కఠిన హృదయుడైన ఒక మనిషిని ఒక పసిపాప మార్చివేసిన కథ అది. ఎస్.వి. రంగారావు నటనకు, చిత్రానికి ప్రశంసలు లభించినంతగా ధనం లభించలేదు. అయినా ఆయన నిరుత్సాహపడలేదు. 'భాగ్యరేఖ', 'పూజాఫలం' వంటి చిత్రాలు రూపొందించారు. 'రంగులరాట్నం' (1966)లో చంద్రమోహన్‌ను నటునిగా పరిచయం చేశారు.

1939 నుండి 1969 వరకు ముప్పది సంవత్సరాలలో ఆయన దర్శకత్వం వహించిన తెలుగు చిత్రాలు పదకొండు మాత్రమే. సంఖ్య కంటే నాణ్యత ముఖ్యమని ఆయన విశ్వసించారు. 1974లో పద్మభూషణ్ పురస్కారం పొందారు. ఆ సంవత్సరానికే దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం కూడా లభించింది. దక్షిణ భారతం నుండి ఆ గౌరవం పొందిన మొదటి వ్యక్తి ఆయనే. 1977 నవంబరు 8న బి.ఎన్. కన్నుమూశారు.

ఉత్తమాభిరుచిని ప్రేక్షకులకు అందించడం కళాకారుని బాధ్యత. ఆ అభిరుచిని ఆదరించి నిలబెట్టడం ప్రేక్షకుల బాధ్యత. మొదటి బాధ్యతను బి.ఎన్. రెడ్డి నష్టాలకు వెరవక నెరవేర్చారు. రెండవది నేటి తరానిది.