మంచం పక్క సంచికి వీడ్కోలు

పొట్ట క్యాన్సర్‌కు ఆపరేషన్ చేశాక రోజుల తరబడి మంచానికి వేలాడే మూత్రం సంచికి కాలం తీరింది. నొప్పి తెలియకుండా వెన్నులో పెట్టిన ఎపిడ్యూరల్ పైపు తీసేదాకా మూత్రపు గొట్టం కదపకూడదన్నది పాత కట్టడి. ఇప్పుడు చాలామందికి మర్నాడో, ఆ మర్నాడో తీసేస్తున్నారు. పోయిన ఆ కట్టడి చేసిన మేలు చిన్నది కాదు.

1881 జనవరి 29న వియన్నాలో సర్జన్ బిల్‌రోత్ పొట్టలోని క్యాన్సర్ భాగాన్ని కోసి తీసి, రోగిని ఆ గండం దాటించాడు. లోపల చిన్న బుడగతో జారిపోకుండా నిలిచే ఫోలీ మూత్రపు గొట్టం 1930లలో గానీ వాడుకలోకి రాలేదు. అది వచ్చాక కిడ్నీల సంగతి గంటగంటకూ తెలిసింది. అరవై కిలోల మనిషికి గంటకు ముప్పై మిల్లీలీటర్లయినా రావాలి. తగ్గిందంటే లోపల రక్తం పోతోందేమో, సెలైన్ చాలడం లేదేమో! అర్ధరాత్రి వార్డులో డాక్టరును లేపి పిలిపించింది ఎన్నోసార్లు ఆ సంచి మీది గీతలే.

మా ఆలూరు, హొళగుంద, హాలహర్వి జనం పెద్ద ఆపరేషన్ అంటే బళ్ళారికో, కర్నూలు పెద్దాసుపత్రికో పోతారు. కేసు షీటు చదవలేని ఇంటివాళ్ళకు ఆ సంచి ఒక్కటే అర్థమయ్యే కబురు. "ఎంతొచ్చింది సిస్టరమ్మా?" అని అడిగి, నిండుతోందంటే మనిషి నిలబడతాడని ధైర్యం తెచ్చుకునేవారు. నాకు దాని మీద గౌరవం అందుకే.

అయినా అది పోవలసిందే. గొట్టం ఉన్న ఒక్కో రోజుకూ మూత్రంలో క్రిములు చేరే అవకాశం మూడు నుంచి ఏడు శాతం. పొట్ట తీసి పేగు కలిపిన మనిషికి నాలుగో రోజో ఐదో రోజో జ్వరం వస్తే అందరికీ గుండె జారుతుంది: అతుకు విడిందా? ఆ భయం మధ్యలో గొట్టం తెచ్చిన జ్వరం కూడా కలిస్తే అసలు ప్రమాదాన్ని పోల్చుకోవడమే కష్టం. పైగా ఎపిడ్యూరల్ ఉండగా గొట్టం తీస్తే మూత్రం ఆగిపోతుందన్న భయమే పాత కట్టడికి ఆధారం; అది సగం సరైనది కాదు. ఈ ఆపరేషన్‌కు ఎపిడ్యూరల్ నడివీపు పైభాగంలో పెడతారు. మూత్రాశయాన్ని నడిపే నరాలు ఎక్కడో కింద త్రికం (నడుము కింది ఎముక) దగ్గర బయల్దేరతాయి. డెన్మార్క్ సర్జన్ హెన్రిక్ కెలెట్ 1990లలో మొదలుపెట్టిన త్వరగా కోలుకునే పద్ధతిలోంచి పుట్టిన ఈరాస్ సంఘం, 2014లో పొట్ట ఆపరేషన్ల మార్గదర్శకాల్లో ఒకటి రెండు రోజుల్లో తీయవచ్చని చెప్పింది.

గొట్టం పోతే మనిషి లేచి నడుస్తాడు. ఊపిరితిత్తులకూ మంచిది, కాళ్ళలో రక్తం గడ్డకట్టకుండానూ మంచిది. సుగ్గికి (కోతల కూలికి) గుంటూరు మిరప చేలకు పోయే ఇళ్ళలో మంచం పక్కన కూర్చున్న ప్రతి రోజూ కూలి పోయిన రోజే కదా, తొందరగా కోలుకోవడం వాళ్ళకు తిండి విషయం.

ప్రోస్టేట్ పెరిగిన ముసలివాళ్ళకూ, బీపీ నిలవని వాళ్ళకూ ఇంకొన్నాళ్ళు ఉంచక తప్పదు. తీశాక ఆరు గంటలైనా ఒంటికి రాకపోతే స్కాన్ చేసి చూడాలి. మూత్రాశయం నిండి ఉంటే సన్న గొట్టంతో ఒక్కసారి ఖాళీ చేస్తే చాలా మందికి సరిపోతుంది. సంచి చెప్పే కబురు ఇక నోటితో చెప్పాలి. ఒంటికి పోయినప్పుడల్లా కొలత మగ్గులో పట్టి సిస్టరుకు చూపమని, గొట్టం తీసే ముందే ఇంటివాళ్ళను కూర్చోబెట్టి తెలుగులోనో కన్నడలోనో చెప్పి ఉంచాలి.