ఏనుగును మోసిన ఛాతీ, తీసేసిన కాలు

కోడి రామమూర్తి నాయుడు పేరు చెప్పగానే గుర్తొచ్చేది ఛాతీ మీద ఏనుగు, తెగిన ఇనుప గొలుసులు. ఆ ఒళ్లు చివరికి ఏమైందో గుర్తుచేసుకునేవారు తక్కువ.

ఆయన 1882లో నేటి ఉత్తరాంధ్రలోని వీరఘట్టంలో పుట్టారు. చిన్నప్పుడే తల్లి పోవడంతో విజయనగరంలో పినతండ్రి దగ్గర పెరిగారు. అక్కడే వ్యాయామశాలలో కుస్తీ నేర్చారు. మద్రాసు సైదాపేటలో శిక్షణ పొంది వ్యాయామ ఉపాధ్యాయుడయ్యారు. తర్వాత పొట్టి పంతులుతో కలిసి సర్కస్ కంపెనీ పెట్టారు. రెండు కార్లను తాళ్లతో నిలబెట్టేవారు. లండన్‌లో ఐదో జార్జి దంపతుల ఎదుట ప్రదర్శన ఇచ్చి ‘ఇండియన్ హెర్క్యులస్’ అనిపించుకున్నారు. దేశంలో ‘కలియుగ భీముడు’ అన్నారు. లక్షలు సంపాదించారు, దానధర్మాలకే చాలావరకు ఖర్చుపెట్టారు.

తర్వాత కాలికి రాచపుండు లేచింది. కాలు తీసేయక తప్పలేదు. ఆ ఆపరేషన్‌కు మత్తుమందు వద్దని, ప్రాణాయామంతోనే నొప్పి ఓర్చుకున్నారని చెబుతారు. ఓర్పు గొప్పదే. కానీ కాలు లేని మల్లుడికి బతుకుదెరువేది?  ఒడిశాలోని బలాంగీర్ ప్రాంతంలో సంస్థానాధీశుల ఆదరణలో చివరి రోజులు గడిపి, 1942 జనవరిలో కన్నుమూశారు.

తరువాతి తరంలో ఉక్కు పనికోసం భిలాయ్ క్యాంప్ 1 వంటి బస్తీలకు వెళ్లిన ఉత్తరాంధ్ర కూలీలకూ ఒళ్లే పెట్టుబడి. విశాఖ బీచ్‌లో రామమూర్తి విగ్రహం ఉంది. అది బలాన్ని గుర్తుచేస్తుంది. ఆయన జీవితం మాత్రం ఇంకోటి అడుగుతుంది: ఆ బలం దెబ్బతిన్నాక ఆ మనిషి బాధ్యత ఎవరిది?