రాబిన్సన్ క్రూసో కథకుడు డేనియల్ డీఫో

ఓడ పగిలి, తోడివారందరు మునిగిపోగా, మనుష్యసంచారము లేని దీవిలో ఒంటరిగా మిగిలి, ఇరువది యెనిమిది యేండ్లు బ్రదికిన రాబిన్సన్ క్రూసో కథ నెరుగని చదువరులు అరుదు. బడిపిల్లల కొరకు కుదించిన రూపమున తెలుగునందును అది చాలకాలముగా చదువబడుచున్నది. అయితే కథానాయకుని పేరు తెలిసినంతగా కథకుని చరిత్రము తెలియదు. ఆ కథను వ్రాసిన డేనియల్ డీఫో ఎన్నడును నిర్జనద్వీపమున చిక్కుకొనినవాడు కాడు. ఆయన ఓడ పగిలినది నేలమీదనే. అదియు ఒక్కసారి గాదు. అప్పు, అవమానము, చెరసాల, అజ్ఞాతవాసము, అన్నియు అనుభవించిన వర్తకుడాయన. అరువదియేండ్లు సమీపించిన వయసున ఆయన వ్రాసిన తొలి నవలయే రాబిన్సన్ క్రూసో.

డీఫో లండను నగరమున సుమారు 1660వ సంవత్సరమున జన్మించెను. తండ్రి జేమ్స్ ఫో కొవ్వొత్తుల వర్తకుడు. ఇంటిపేరు మొదట ఫో మాత్రమే. దాని ముందు డీ యను నక్షరమును చేర్చుకొని, పెద్దింటి పేరువలె వినిపింపజేసికొన్నది నడివయసున ఆయనయే. బాలునకు అయిదేండ్ల ప్రాయమున, 1665లో, లండనున ప్లేగు చెలరేగి వేలకు వేలుగా జనులను పొట్టనబెట్టుకొనెను. మరుసటి యేడే గొప్ప అగ్నిప్రమాదము సంభవించి నగరములో అధికభాగము బూడిదయయ్యెను. ఆ రెండు విపత్తుల మాటలు పెద్దలనోట వినుచు ఆ బాలుడు పెరిగెను.

ఆ కుటుంబమువారు క్రైస్తవులేయైనను రాజ్యము గుర్తించిన చర్చిలో చేరనివారు. అట్టివారి బిడ్డలకు ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి విద్యాపీఠముల తలుపులు తెరచుకొనెడివి కావు. అందుచేత చార్లెస్ మోర్టన్ అను విద్వాంసుడు లండను చెంత నడుపుచుండిన విద్యాలయమున డీఫో చదివెను. అక్కడ పాఠములు లాటిను భాషలో గాక ప్రజలు మాటలాడు ఇంగ్లీషులోనే చెప్పబడుచుండెను. డీఫో రచనలలో కనిపించు తేటదనమునకు ఆ చదువు పునాది యయ్యెను. మతబోధకుడు కావలెనని అనుకొనిన చదువు పూర్తియయిన పిదప ఆయన మనస్సు మారి వర్తకమువైపు మరలెను.

మేజోళ్లు, మద్యము, పొగాకు మొదలగు సరకులలో వ్యాపారము చేసెను. 1684 జనవరి 1వ తేదీన మేరీ టఫ్లీ అను కన్యను వివాహమాడగా 3,700 పౌనుల కట్నము వచ్చెను. ఆనాటికది గొప్ప మొత్తము. మరుసటి యేడే రాజుపై మన్మతు ప్రభువు లేవదీసిన తిరుగుబాటులో చేరి, అది విఫలము కాగా ప్రాణములతో బయటపడి, తరువాత క్షమాభిక్ష పొందెను. చేతిలో పని నిండుగా నున్నను చాలనిది ఆయన స్వభావము. సుగంధ ద్రవ్యమునకై పునుగుపిల్లులను కొనెను. సముద్రమున మునిగిన ధనమును వెదకు యంత్రమునకు పెట్టుబడి పెట్టెను. ఫ్రాన్సు దేశముతో యుద్ధము జరుగుచుండగా పరుల ఓడల నష్టమునకు పూచీ వహించెను. ఓడలు శత్రువుల పాలయ్యెను. పూచీ మెడకు చుట్టుకొనెను. 1692లో డీఫో దివాలా తీసెను. అప్పు 17,000 పౌనులు!

బాకీ చెల్లింపలేనివానిని చెరలో వేయుట ఆనాటి ఇంగ్లండు చట్టము. చెరలోనున్నవాడు సంపాదింపలేడు, సంపాదింపనివాడు తీర్చలేడు. ఈ సంగతిని తన యొంటితో తెలిసికొనిన డీఫో, 1697లో ప్రకటించిన ప్రజోపయోగ ప్రణాళికల గ్రంథమున, మోసము చేసినవానిని, కాలము కలసిరాక చెడినవానిని ఒక్క త్రాటను కట్టరాదని వాదించెను. స్త్రీలకు విద్యాలయములు ఉండవలెనని గూడ ఆ గ్రంథముననే కోరెను. తన ఋణదాతలకు కొద్దికొద్దిగా చెల్లించుచు వచ్చి, బాకీని అయిదువేల లోపునకు దింపితినని తరువాతి కాలమున ఆయనయే చెప్పుకొనెను.

ఆ చెల్లింపులకు ఆధారమైనది థేమ్సు నదీతీరమున టిల్‌బరీ యను నూర నెలకొల్పిన ఇటుకల, పెంకుల కర్మాగారము. మట్టినో రాతినో నమ్ముకొనిన పరిశ్రమలోని కష్టసుఖములు మార్కాపురపు పలకల గనులనెరిగిన వారికి వేరుగ చెప్పనక్కరలేదు. ఒకప్పుడు దేశమందలి బడిపిల్లల చేతులలో మెరసిన పలక వెనుక ఎందరి చెమట యున్నదో, యజమాని ఒక్కరు కూలిన ఎన్ని పొయ్యిలు చల్లారునో ఈ సీమవారికి తెలియును. టిల్‌బరీలో జరిగినదియు నట్టిదే.

1702 డిసెంబరులో డీఫో ఒక చిన్న పొత్తము ప్రకటించెను. తన శాఖవారిని ద్వేషించు కఠినుల గొంతుక నెత్తుకొని, అట్టివారిని రూపుమాపుటయే మేలని వ్యంగ్యముగా వ్రాసెను. కొందరు దానిని నిజమని నమ్మి మెచ్చుకొనిరి. వ్యంగ్యము బయటపడగానే ఇరుపక్షములవారును మండిపడిరి. పట్టియిచ్చినవారికి 50 పౌనుల బహుమానమని ప్రభుత్వము ప్రకటించెను. వంకీ ముక్కు, బూడిదవన్నె కన్నులు, నోటిచెంత పెద్ద పుట్టుమచ్చ యని ఆ ప్రకటనలో ఆయన ఆనవాళ్లు చెప్పబడెను. 1703 మే నెలలో పట్టుబడెను. జూలై చివర మూడు దినములు ఆయనను నగరములో మూడుచోట్ల బొండకొయ్యలో నిలిపిరి. తలయు చేతులును చెక్క రంధ్రములలో బిగించి బజారున నిలుపు శిక్ష యది. గుంపులు రాళ్లు, కుళ్లు వస్తువులు విసరుటయు, శిక్షితులు ఒక్కొక్కప్పుడు ప్రాణములు కోల్పోవుటయు కలదు. అయితే డీఫోపై జనులు రాళ్లు విసరలేదు. పూలు విసరిరని వాడుక. ఆ శిక్షను ఎగతాళి చేయుచు ఆయన వ్రాసిన పద్యము ఆ గుంపులోనే అమ్ముడుపోయెను.

జనులు ఆదరించినను నష్టము నష్టమే. ఆయన న్యూగేటు చెరసాలలో నుండగా టిల్‌బరీ కర్మాగారము మూతబడెను. రాబర్టు హార్లీ యను మంత్రి 1703 నవంబరులో ఆయనను విడిపించెను. ఆ విడుదలకు వెల లేకపోలేదు. అప్పటినుండి డీఫో ప్రభుత్వము పక్షమున వ్రాయుటకును, ఊరూర తిరిగి ప్రజాభిప్రాయమును రహస్యముగ తెలుపుటకును కట్టుబడెను. 1704 నుండి 1713 వరకు రెవ్యూ అను పత్రికను దాదాపు ఒంటిచేతితో వ్రాసెను. ఇంగ్లండు, స్కాట్లండు రాజ్యములను ఏకము చేయు ప్రయత్నమున 1706లో ఎడింబరోకు పోయి గూఢచారిగా పనిచేసెను. మంత్రులు మారిన కొలది ఆయన కలము యజమానులును మారిరి. చరిత్రకారులు ఈ నడవడిని మెచ్చుకొనలేదు. ఇంటినిండ బిడ్డలు, వెనుకవైపు ఋణదాతలు ఉండిన మాట నిజమే. ఆ కారణముచేత దోషము దోషము కాకపోదు.

ఆ కాలముననే ఒక నావికుని వృత్తాంతము లండనున ప్రసిద్ధికెక్కెను. స్కాట్లండులోని లోయర్ లార్గో గ్రామవాసి అలెగ్జాండర్ సెల్కిర్క్, తానెక్కిన ఓడ శిథిలమై యున్నదని నాయకునితో కలహించి, 1704లో దక్షిణ అమెరికాకు పడమట నున్న యువాన్ ఫెర్నాండెజ్ దీవులలో నొకదానియందు దిగబెట్టబడెను. మేకలను తరిమి పట్టుకొని మాంసము తినుచు, వాని తోళ్లు కట్టుకొనుచు, రాత్రులందు కాళ్లు కొరుకు ఎలుకల బాధ మానుటకు పిల్లులను మచ్చిక చేసికొని నాలుగేండ్ల నాలుగు నెలలు గడపెను. 1709లో వుడ్స్ రోజర్సు అను నాయకుని ఓడలవారు ఆయనను కొనిపోయిరి. సెల్కిర్క్ అనుమానించినట్లే మొదటి ఓడ మునిగెను. మిగిలినవారు స్పెయినువారికి బందీలైరి. రోజర్సు 1712లో ప్రకటించిన యాత్రాగ్రంథమున ఈ వృత్తాంతము కలదు. చిలీ దేశమువారు 1966లో ఆ దీవికి రాబిన్సన్ క్రూసో దీవియని పేరు పెట్టిరి.

1719 ఏప్రిల్ 25వ తేదీన రాబిన్సన్ క్రూసో వెలువడెను. ముఖపత్రముపై డీఫో పేరు లేదు. క్రూసోయే స్వయముగా వ్రాసికొనిన చరిత్రమని ముద్రించిరి. వెల అయిదు షిల్లింగులు. కొద్ది నెలలలో నాలుగు ముద్రణలు చెల్లిపోయెను. సెల్కిర్క్ వృత్తాంతము బీజమైనను చెట్టు డీఫోదే. క్రూసో దీవి యువాన్ ఫెర్నాండెజ్ కాదు. అమెరికా ఖండపు తూర్పు దిక్కున ఒరినోకో నది సాగరమున కలియు ప్రాంతమున కల్పింపబడినది. నాలుగేండ్లు ఇరువది యెనిమిదేండ్లయినవి.

ఆ గ్రంథమునందలి ప్రాణము సాహసమునందు లేదు, లెక్కయందున్నది. క్రూసో దీవిని చేరగానే కొయ్యపై గాటుపెట్టి దినములు లెక్కించెను. కాగితమున రెండు వరుసలు గీచి, తనకు కలిగిన కీడు ఒకవైపు, మేలు ఒకవైపు, జమా ఖర్చుల వలె వ్రాసి సరిచూచుకొనెను. దివాలా తీసిన వర్తకుడు తెల్లవారి లేచి చేయవలసిన మొదటి పని యదియే.

పాత సంచిని దులుపగా రాలిన గింజలు మొలకెత్తి కొన్ని బార్లీ వెన్నులు వచ్చినవి. వానిని తినక విత్తనమునకు దాచెను. మరల చల్లునప్పుడు కాలమెరుగక చల్లగా వాన లేక పైరు రాలేదు. మేలేమనగా, పిడికెడు గింజలు వెనుకకు మిగుల్చుకొని యుండెను. పిమ్మట వానలు కురియు నెలలను, ఎండలు కాయు నెలలను గుర్తించి పట్టిక వ్రాసికొనెను. నాలుగవ యేడు గాని ఆ ధాన్యమును నోటపెట్టలేదు. కార్తె చూచి విత్తనము చల్లుచు, కరవు యేట సయితము విత్తనపు గింజను కాపాడుకొను గిద్దలూరు మెట్టరైతునకు ఈ యధ్యాయములు కొత్త కావు.

గ్రంథములోని లోపమును గూడ చెప్పుట న్యాయము. క్రూసో బానిసల వర్తకమునకు బయలుదేరియే ఓడ పగిలి దీవి చేరినాడు. తన్ను నమ్మి వెంట వచ్చిన బాలుని అంతకుముందే అమ్మివేసినాడు. నరభక్షకులనుండి కాపాడిన యువకునకు శుక్రవారమని తానే పేరిడి, తన్ను దొరయని పిలువ నేర్పినాడు. ఆ యువకుని అసలు పేరును అడిగినట్లు కథలో కానరాదు. డీఫో ఆనాటి బానిస వ్యాపారమును సమర్థించినవాడే. పరపాలనను అనుభవించిన దేశపు పాఠకులు ఈ భాగములను కన్నులు తెరచి చదువవలెను.

తరువాత అయిదేండ్లలో డీఫో మాల్ ఫ్లాండర్సు, ప్లేగు సంవత్సరపు దినచర్య, రాక్సానా మున్నగు గ్రంథములు వ్రాసెను. చిన్ననాట విన్న మహామారి మాటలు 1722లో ఆ దినచర్యగా రూపొందెను. ఫ్రెంచి తత్త్వవేత్త రూసో 1762లో ప్రకటించిన తన విద్యాగ్రంథమున, బాలునకు మొట్టమొదట ఈయదగిన పుస్తకము రాబిన్సన్ క్రూసో యని నిర్ణయించెను.

ఇంత పేరు వచ్చినను అప్పు ఆయనను విడువలేదు. 1730లో పాతనాటి బాకీని పట్టుకొని ఋణదాత యొకరు మీదికి రాగా, డెబ్బదియేండ్ల వృద్ధుడు ఇల్లు వదలి దాగెను. భార్యకును కుమార్తెలకును ఆధారముగా నుంచినదానిని నమ్మి కుమారుని చేత పెట్టగా, అతడు వారిని చూచుట లేదని అల్లునకు వ్రాసిన జాబున వగచెను. తన కల్పితపురుషుని ఇరువది యెనిమిదేండ్ల పిమ్మట ఇంటికి చేర్చిన కథకునకు ఆ యదృష్టము పట్టలేదు. 1731 ఏప్రిల్ 24వ తేదీన, లండనులోని రోప్‌మేకర్సు సందులో, ఆయన కన్నుమూసెను. బన్‌హిల్ ఫీల్డ్సు శ్మశానమున ఖననము చేయునాడు గుమాస్తా ఆయన పేరును డుబో యని తప్పుగ వ్రాసెను.

సుమారు నూట నలువది యేండ్లు ఆ సమాధిపై చెప్పదగిన స్మారకము లేకపోయెను. పిదప ఒక పత్రిక ఇంగ్లండు బాలబాలికలను చందా కోరగా 1,700 మంది తలా కొంత పంపిరి. 1870 సెప్టెంబరులో ఆ ధనముతో శిలాస్తంభము నిలిపిరి. దాత లెవ్వరి పేరును దానిపై లేదు. ఎందరు కలసి నిలిపిరో ఆ సంఖ్య మాత్రమున్నది. బ్రదికియుండగా బాకీ తీర్చలేకపోయిన మనుష్యునకు చదువరులు తమ బాకీని ఈ విధముగ తీర్చుకొనిరి. చిన్న చిన్న చందాలతో నిలిచిన ప్రతి గ్రామ గ్రంథాలయమును అట్టి చదువరుల చేతిపనియే.