తోట రాముడి అమ్మ పేరేమిటి?

పోయిన సంక్రాంతికి మా అమ్మాయి, మనవరాలు పలమనేరు వచ్చారు. కనుమ నాటి మధ్యాహ్నం భోజనాలయ్యాక టీవీలో పాతాళభైరవి వస్తోంది. నేను చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ ఒక కన్ను అటు వేసి ఉంచాను. ఆ సినిమా నాకు కొట్టినపిండి. చిన్నప్పుడు టూరింగ్ టాకీసులో నేల టికెట్టు కొని, ఇసకలో కూర్చుని ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. తోట రాముడు ఎన్.టి. రామారావు, మాంత్రికుడు ఎస్.వి. రంగారావు, రాకుమారి మాలతి, పాతాళభైరవి గిరిజ... అందరి పేర్లూ మనవరాలికి గడగడా చెప్పేశాను. అంతలో కొడుకు కోసం బెంగపెట్టుకునే తల్లి తెర మీదికొచ్చింది. ఈమె ఎవరవ్వా అనింది పిల్ల. తోట రాముడి అమ్మ అన్నాను. అది సినిమాలో కదా, అసలు పేరేంది అనింది. నాకు నోట మాట రాలేదు.

మామూలప్పుడైతే ఆ ప్రశ్న మర్చిపోయేదాన్నే. కానీ ఆ పొద్దున్నే ఇంట్లో చిన్న గొడవ జరిగింది. మనవరాలు తిరుపతిలో డిగ్రీ చదువుతోంది. కాలేజీ నాటకంలో వేషం వచ్చిందనీ, పోటీలకు వేరే ఊరు పోవాలనీ చెప్పింది. మా అమ్మాయి నా మొహం చూసింది. మన ఇళ్ళల్లో ఆడపిల్లలు వేషాలు కట్టరని నేనే తేల్చేశాను. పిల్ల మారు మాట్లాడలేదు.

వాళ్ళు వెళ్ళిపోయాక ఆ పేరు కోసం వెతికాను. దొరికింది. ఆమె సురభి కమలాబాయి. మన మొట్టమొదటి పూర్తి తెలుగు టాకీలో కథానాయిక. తెర మీద మాట్లాడిన తొలి తెలుగు తారను అన్నేళ్ళుగా చూస్తూ కూడా పేరు తెలుసుకోని దాన్నయ్యాను. సిగ్గేసింది. అందుకే ఆమె కథ మీతో చెప్పుకుందామని కూర్చున్నాను.

కమలాబాయి కథ చెప్పాలంటే ముందు సురభి సంగతి చెప్పాలి. అది మన సీమలోనే, కడప జిల్లాలో ఒక పల్లె. అక్కడ 1885లో ఒక పెళ్ళి వేడుకలో వనారస గోవిందరావుగారు, వాళ్ళ కుటుంబం కీచకవధ నాటకం ఆడారు. వాళ్ళ పెద్దలు మహారాష్ట్ర వైపు నుంచి వచ్చినవాళ్ళు, తోలుబొమ్మలాట వాళ్ళ కులవృత్తి. బొమ్మల బదులు మనుషులే వేషాలు కడితే ఎట్లా ఉంటుందని మొదలైన ఆ ఆట ఊరూరా తిరిగింది. ఊరి పేరే ఇంటి పేరయింది. కూతుళ్ళకు, కోడళ్ళకు పెళ్ళిళ్ళయ్యే కొద్దీ సమాజాలూ పెరిగాయి.

సురభి గొప్ప ఒక్క మాటలో చెప్పాలంటే, ఆడవేషాలు ఆడవాళ్ళే వేయడం. ఇది ఇప్పుడు మనకు వింతగా తోచదు. ఆ రోజుల్లో సీత అయినా, సావిత్రి అయినా చాలా నాటక సమాజాల్లో చీర కట్టేది మగవాళ్ళే. స్థానం నరసింహారావుగారు సత్యభామ వేషం కడితే జనం విరగబడి చూసేవారు. అటువంటి కాలంలో సురభివాళ్ళు భార్యల్నీ, కూతుళ్ళనీ, కోడళ్ళనీ రంగం మీదికి తెచ్చారు. పొద్దున పొయ్యి ముందు కూర్చున్న మనిషే రాత్రికి ద్రౌపది. చంటిబిడ్డను తెర వెనక ఉయ్యాల్లో వేసి, ముందుకొచ్చి పద్యం ఎత్తుకోవాల్సిందే.

అట్లాంటి ఇంట్లో 1907లో కమలాబాయి పుట్టింది. తండ్రి కృష్ణాజీరావు, తల్లి వెంకూబాయి. ఆమె పుట్టుక గురించి ఒక ముచ్చట చెప్పుకుంటారు. తల్లి నిండు గర్భిణిగా దమయంతి వేషంలో ఉండగానే నొప్పులు వచ్చి రంగస్థలం మీదే ప్రసవించిందట. జనం అది కూడా నాటకంలో భాగమే అనుకున్నారట. సంగతి తెలిశాక బిడ్డ కోసం డబ్బులు విసిరారట. వినడానికి బాగానే ఉంది గానీ, నాకు మాత్రం ఆ తల్లి మీదే మనసు పోయింది. నెలలు నిండినా వేషం కట్టి నిలబడిందంటే ఆ బతుకులో తీరుబడి ఎంతుందో మనం ఊహించుకోవచ్చు.

నడక వచ్చిందో లేదో కమలాబాయికి వేషాలు మొదలయ్యాయి. కృష్ణుడు, లవుడు, ప్రహ్లాదుడు వంటి బాల వేషాలు కట్టింది. పెద్దయ్యాక నాయిక వేషాలకు వచ్చింది. అప్పటి రంగం మీద మైకు లేదు. హార్మోనియం మోతను దాటి, చివరి వరసలో కూర్చున్నవాడికి కూడా మాట విడివిడిగా వినిపించాలి. పాట, పద్యం, మాట మూడూ ఒక్క గొంతులోనే పలకాలి. ఆ సాధనే తర్వాత ఆమెను బొంబాయి దాకా తీసుకుపోయింది.

ఎట్లాగంటే, అప్పటిదాకా సినిమా మూగది. అందమైన మొహం ఉంటే చాలు. అమెరికాలో 1927లో బొమ్మ మాట్లాడడం, పాడడం మొదలుపెట్టింది. దాంతో గొంతు పలకని తారలు ఎందరో వెనకబడ్డారు. గొంతున్న రంగస్థల నటులకు పిలుపులొచ్చాయి. జర్మనీలో బెర్లిన్ నాటకశాలల్లో ఆడిపాడిన మార్లీన్ డీట్రిచ్ 1930లో ఒక టాకీతో లోకమంతా పేరు తెచ్చుకుంది. మన దేశంలో అర్దేషిర్ ఇరానీ 1931 మార్చి 14న ఆలం ఆరా విడుదల చేశాడు. అదే ఏడు హెచ్.ఎం. రెడ్డిగారి దర్శకత్వంలో కాళిదాస్ వచ్చింది. అందులో తమిళంతో పాటు తెలుగూ వినిపించింది, టి.పి. రాజలక్ష్మి కథానాయిక. ఆ తర్వాత పూర్తిగా తెలుగులోనే ఒక బొమ్మ తీయాలని రెడ్డిగారు పూనుకున్నారు. మాట, పాట వచ్చిన ఆడమనిషి కావాలి. అటువంటివాళ్ళు ఎక్కడుంటారు? సురభిలోనే కదా!

ఆ బొమ్మ భక్త ప్రహ్లాద. జనానికి బాగా తెలిసిన నాటకమే. మునిపల్లె సుబ్బయ్య హిరణ్యకశిపుడు, కమలాబాయి లీలావతి. చిన్నప్పుడు ప్రహ్లాదుడి వేషం కట్టిన పిల్ల తెర మీద ప్రహ్లాదుడికి తల్లయింది. తర్వాత పెద్ద దర్శకుడైన ఎల్.వి. ప్రసాద్‌గారు అందులో బడిపిల్లవాడుగా చిన్న వేషం వేశారు. బొమ్మ తీసింది బొంబాయిలో. ఇది 1931 సెప్టెంబరులో విడుదలైందని చాలాకాలం నమ్మారు. తర్వాత పరిశోధనలో 1932 ఫిబ్రవరి 6 అని తేలింది.

ఇప్పటి పిల్లలకు తెలియదు గానీ, అప్పట్లో ఒకరు పెదవి కదిపితే ఇంకొకరు పాడే ఏర్పాటు లేదు. నటించే మనిషే పాడాలి. మైకు ఎక్కడో దాచిపెట్టేవాళ్ళు. వాయిద్యాలవాళ్ళు కెమెరాకు కనబడకుండా పక్కన కూర్చుని వాయించేవాళ్ళు. పాట మధ్యలో చిన్న తప్పు జరిగినా మళ్ళీ మొదటి నుంచీ ఎత్తుకోవాలి. ఎదురుగా చప్పట్లు కొట్టే జనం ఉండరు. రాత్రంతా జనం ముందు పాడి అలవాటైన మనిషి ఒక్కసారిగా యంత్రం ముందు నిలబడి కొడుకు కోసం కన్నీళ్ళు పెట్టుకోవాలంటే ఎంత కష్టమో!

ఆ కష్టం ఆమె గెలిచింది. అదే 1932లో బొంబాయి సాగర్ వారు సర్వోత్తమ్ బాదామి దర్శకత్వంలో తీసిన పాదుకా పట్టాభిషేకం, శకుంతల రెండింటిలోనూ ఆమె ఉంది. శకుంతలలో యడవల్లి సూర్యనారాయణ దుష్యంతుడైతే ఈమె శకుంతల. తర్వాత బొంబాయిలోనే ఉండి హిందీ చిత్రాల్లోనూ నటించింది. సీమ పల్లె పేరు ఇంటి పేరుగా మోస్తున్న మనిషి పరభాషలో నిలదొక్కుకుంది. నాటకాలతో ఊరూరా తిరిగిన ప్రాణానికి ఏ ఊరైనా ఒకటే కాబోలు.

కాలం ఆగుతుందా? కాంచనమాల వంటి కొత్త తారలు వచ్చారు. ఇంకొకరి గొంతుతో పాట పెట్టే పద్ధతి కూడా వచ్చింది. మొదట ఏ గొంతు కోసం ఆమెను పిలిచారో, ఆ గొంతు అవసరం తగ్గిపోయింది. చాలామంది అక్కడితో ఆగిపోతారు. ఈమె అమ్మ వేషాలకు వచ్చింది. 1951లో విజయా సంస్థ పాతాళభైరవి తీసినప్పుడు దర్శకుడు కె.వి. రెడ్డిగారు, నిర్మాత నాగిరెడ్డిగారు ఇద్దరూ మన సీమవాళ్ళే. తోట రాముడి అమ్మగా కమలాబాయి కనిపించింది. ఆ బొమ్మ రెండు వందల రోజులు ఆడింది. మొదటి బొమ్మలో అమ్మ, అందరూ గుర్తుంచుకున్న బొమ్మలోనూ అమ్మే. 1971లో ఆమె కన్నుమూసింది.

ఆ తర్వాత రెండేళ్ళకు నేను తొమ్మిదో తరగతి. బడి వార్షికోత్సవంలో నాకు సావిత్రి వేషం ఇచ్చారు. పద్యాలన్నీ వారంలో నేర్చేసుకున్నాను. మా అవ్వ ఒప్పుకోలేదు. మన ఇళ్ళల్లో ఆడపిల్లలు వేషాలు కట్టరనింది. అదే మాట, అక్షరం పొల్లు పోలేదు! చిత్రమేమిటంటే మా అవ్వకు నాటకాలంటే ప్రాణం. సురభివాళ్ళ ఆట గురించి చెబుతుంటే ఆమె కళ్ళు మెరిసేవి. చూడ్డానికి మాత్రం వాళ్ళు కావాలి, మన పిల్ల మాత్రం వాళ్ళలా కాకూడదు. మనం చేసిన అన్యాయం ఇదేననిపిస్తుంది. ఆ ఆడవాళ్ళ గొంతు విని ఏడ్చాం, నవ్వాం. ఇంటికి వచ్చాక వాళ్ళ పేరు మాత్రం తలుచుకోలేదు.

మా అవ్వను తప్పు పట్టను. ఆమె కాలం అది. నా కాలం మారినా నేను మారలేదు, తప్పు నాది.

మొన్న రాత్రి మనవరాలికి ఫోను చేశాను. తోట రాముడి అమ్మ పేరు సురభి కమలాబాయి అని చెప్పాను. ఇంత కథా చెప్పాను. కాసేపు ఊరుకుని, అయితే నాటకానికి పోనా అవ్వా అనింది. పో తల్లీ, వేషం ఏదైనా సరే చివరి వరస దాకా వినబడేట్టు మాట్లాడు అన్నాను. పోటీలకు నేనూ వస్తానన్నాను. ముందు వరసలో కాదు, చివరి వరసలోనే కూర్చుంటాను.